ఊరిని అడిగి రాసిన నాటకం

1998 నవంబరు 14న మొయిసెస్ కాఫ్‌మన్ అనే దర్శకుడు, ఆయన నాటక బృందంలోని మరో 9 మంది న్యూయార్క్ నుంచి వయోమింగ్ రాష్ట్రంలోని లారమీకి బయల్దేరారు. నాటకం కోసమే వెళ్తున్నారు గానీ చేతిలో కథ లేదు, పాత్రల్లేవు, అసలు నాటకం అవుతుందో లేదో కూడా తెలీదు. వాళ్ల దగ్గరున్నవల్లా కొన్ని టేప్ రికార్డర్లు, ఒక ప్రశ్న. ఈ ఊరు తన గురించి తాను ఏం చెప్పుకుంటుంది?

ఆ ప్రశ్న వెనక ఒక హత్య ఉంది.

మాథ్యూ షెపర్డ్‌కు 21 ఏళ్లు. వయోమింగ్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం విద్యార్థి. సన్నగా, ఐదడుగుల రెండంగుళాల ఎత్తుండేవాడు. తండ్రి సౌదీ అరేబియాలో చమురు కంపెనీ ఉద్యోగి కావడంతో హైస్కూలు చివరి ఏళ్లు స్విట్జర్లాండ్‌లో చదివాడు. అంత తిరిగొచ్చి, పుట్టిన రాష్ట్రంలోనే చదువుకుందామని లారమీలో చేరాడు. తాను గే అన్న సంగతి దాచిపెట్టుకోలేదు. అక్టోబరు 6 రాత్రి ఫైర్‌సైడ్ అనే బార్‌లో అతని వయసువాళ్లే ఇద్దరు స్థానిక కుర్రాళ్లు మాట కలిపి తమ ట్రక్కులో ఎక్కించుకున్నారు. ఊరి శివార్లలో ఒక కర్రల కంచెకు కట్టేసి, పిస్టల్ పిడితో తల పగిలేలా కొట్టి, పర్సు, చివరికి కాళ్లకున్న బూట్లు కూడా తీసుకుని వెళ్లిపోయారు. ఆ చలిలో దాదాపు 18 గంటలు అలాగే ఉన్నాడు. మర్నాడు సాయంత్రం సైకిల్ మీద అటుగా వెళ్లిన ఒక విద్యార్థి దూరం నుంచి చూసి దిష్టిబొమ్మ అనుకున్నాడు. దగ్గరికి పోయాక జుట్టు కనిపించింది. అక్టోబరు 12న, అర్ధరాత్రి దాటిన కాసేపటికి, పక్క రాష్ట్రం కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

ప్రాణం పోకముందే టీవీ వాళ్లు ఊళ్లోకి దిగారు. సముద్రమట్టానికి 7 వేల అడుగుల పైన, సుమారు 27 వేల జనాభాతో, ఒక యూనివర్సిటీ, ఒక రైలు దారి, చుట్టూ పశువుల కమతాలతో తన మానాన తాను ఉన్న ఊరది. ఇంకో సంగతి కూడా ఉంది. అమెరికాలో స్త్రీలకు పూర్తి ఓటు హక్కు మొదట ఇచ్చింది వయోమింగే, 1869లో. ఆ చట్టం కింద 1870లో తొలి ఓటు వేసిన స్త్రీ లారమీ మనిషే. ఆ రాష్ట్రం తనకు తాను పెట్టుకున్న బిరుదు సమానత్వ రాష్ట్రం. అలాంటి ఊరి పేరు చెప్తే ఇప్పుడు ప్రపంచానికి కంచె ఒక్కటే గుర్తొస్తోంది.

ఆ వారం లారమీ వీధుల్లో బారులు తీరిన శాటిలైట్ వ్యాన్ల గురించి చదివినప్పుడల్లా నాకు మన మేడారం గుర్తొస్తుంది. జాతరకూ హత్యకూ పోలిక పెడుతున్నానని అనుకోకండి. చూసేవాళ్ల సంగతి చెప్తున్నాను. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి తాడ్వాయి అడవిలోని ఈ చిన్న ఊరికి కోటి మంది వస్తారని లెక్క చెప్తారు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క, శనివారం వనప్రవేశం. ఆ నాలుగు రోజులూ కెమెరాలన్నీ గద్దెల మీదే. ఆదివారం నుంచి ఊరికి మిగిలేది తొక్కిన బెల్లం, ఈగలు, ప్లాస్టిక్, బుగ్గయిన పొలాలు. అప్పుడు ఆగి ఊరివాళ్లను పలకరించిన విలేకరిని వేళ్ల మీద లెక్కపెట్టాలి.

అయితే మేడారానికి ఒక బలముంది. తన కథ తాను చెప్పుకునే నోరు దానికి ఎప్పట్నుంచో ఉంది. కరువులో కప్పం కట్టమన్న కాకతీయ రాజ్యంతో పగిడిద్దరాజు, సమ్మక్క తలపడటం, జంపన్న సంపెంగ వాగులో దూకడం, వెనక నుంచి దిగిన బల్లెంతో సమ్మక్క గుట్ట వైపు నడిచిపోవడం ఏ శాసనమో చెక్కిపెడితే మనకు దక్కిన కథ కాదు. కోయ కథకులు, డోలీలు, పడిగె మీది బొమ్మలు చూపిస్తూ తరతరాలుగా చెప్తే నిలిచింది. తన మీద జరిగిన హింసను ఒక ఊరు తన నోటితో చెప్పుకుంటే ఎన్ని వందల ఏళ్లు నడుస్తుందో ఇక్కడ కళ్లారా చూడొచ్చు. లారమీకి అలాంటి కథకులు లేరు. టేప్ రికార్డర్లతో దిగిన పదిమందీ చివరికి చేసిన పని అదే.

*

కాఫ్‌మన్ పుట్టింది వెనెజువెలా రాజధాని కరకస్‌లో, యూదు కుటుంబంలో. కేథలిక్ దేశంలో యూదుడు, యూదుల బడిలో గే కుర్రాడు. ఎక్కడున్నా బయటివాడే. 1987లో న్యూయార్క్ చేరాడు. 1991లో తన సహచరుడు జెఫ్రీ లహోస్ట్‌తో కలిసి టెక్టానిక్ థియేటర్ ప్రాజెక్ట్ పెట్టాడు. డబ్బులేని రోజుల్లో సొంత ఇంట్లోనే నాటకాలు వేసిన బృందమది.

లారమీ నాటకానికి బీజం లారమీలో పడలేదు. 1997లో కాఫ్‌మన్ ఆస్కార్ వైల్డ్ మీద ఒక నాటకం చేశాడు. 1895లో లండన్‌లో, మగవాణ్ని ప్రేమించిన నేరానికి ఆ మహారచయితను బోనెక్కించి రెండేళ్లు కఠిన శిక్ష వేసిన కేసది. సంభాషణలు కల్పించకుండా కోర్టు రికార్డులు, పత్రికలు, ఉత్తరాలు, ఆత్మకథలు ముందు వేసుకుని, వాటిలోంచే నాటకం కట్టాడు. అప్పుడాయనకు ఒకటి తట్టింది. లాయర్లు అడిగిన ప్రశ్నల్లో వైల్డ్ కంటే ఆనాటి ఇంగ్లండే ఎక్కువగా కనిపిస్తోంది. చదువు, మగతనం, డబ్బు, కళ, మతం మీద ఆ సమాజానికున్న నమ్మకాలన్నీ ఒక్క కేసు దగ్గర పోగుపడ్డాయి. కొన్ని ఘటనలకు ఆ గుణం ఉంటుంది. మామూలు రోజుల్లో లోపల దాగుండేదంతా అవి పైకి తెస్తాయి.

వైల్డ్ కేసు వందేళ్ల కిందటిది, కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. మరి ఘటన ఇప్పుడే జరిగి, జనం ఇంకా తేరుకోకముందే, కాగితాలు పుట్టకముందే నాటకం వాళ్లు వెళ్తే? 1998 అక్టోబరులో తన బృందం ముందు కాఫ్‌మన్ పెట్టిన ప్రశ్న ఇది. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన ఒక వ్యాసం కూడా ఆయన మనసులో ఉంది. వీధిలో ప్రమాదం చూసిన మనిషి, చూడనివాళ్లకు అది ఎలా జరిగిందో చేసి చూపిస్తాడే, నాటకానికి అదే మూలం అంటాడు బ్రెహ్ట్. నటుడు ఆ మనిషిగా మారిపోనక్కర్లేదు, సాక్ష్యం చెప్తే చాలు.

బృందంలో గేలు, లెస్బియన్లు కొందరున్నారు. వాళ్లకు భయం వేసింది. ఒక గే కుర్రాణ్ని కంచెకు కట్టి చంపిన ఊరికి పోయి, తలుపులు తట్టి, ఆ హత్య గురించే అడగాలి. ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదని నియమం పెట్టుకున్నారు. దారి చూపించింది యూనివర్సిటీ నాటక శాఖ అధిపతి. ఆమె చెప్పిన మాట నాకు ఈ మొత్తం కథకు తాళంచెవిలా కనిపిస్తుంది. దాడి జరిగిన మొదటి రోజుల్లో పిల్లలు దాని గురించి తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారట. మీడియా వచ్చి వాలగానే ఆ మాట ఆగిపోయిందట. ఎవడు ఎప్పుడు మైకు పెడతాడో, ఏ ముక్క ఎక్కడ వేస్తాడో తెలీక నోళ్లు మూసుకున్నారు.

నాటకంవాళ్లు ఒకసారి పోయి వచ్చేయలేదు. దాదాపు ఏడాదిన్నరలో ఆరుసార్లు వెళ్లారు. 200కు పైగా ఇంటర్వ్యూలు చేశారు. బార్ యజమాని, బార్‌లో మందు పోసిన కుర్రాడు, పాదిరీలు, రైతులు, పోలీసులు, డాక్టర్లు, ప్రొఫెసర్లు, ముస్లిం విద్యార్థిని, మాథ్యూ స్నేహితురాలు, ఊళ్లో ఎన్నో ఏళ్లుగా గప్‌చుప్‌గా బతుకుతున్న గేలు. ఒక కేథలిక్ పాదిరీ వాళ్లను సూటిగా హెచ్చరించాడు. మీరు చెప్పేది సరిగ్గా చెప్పండి, తప్పు చెప్తే ఇంకా హింస పుట్టిస్తారు అన్నది ఆయన మాటల సారం.

దొరికిన మాటలు ఒకదానికొకటి పొసగవు. ఎవరి బతుకు వారిది, ఎవరి జోలికీ పోం, అదే మా ఊరి తీరు అని చాలామంది గర్వంగా చెప్పుకున్నారు. ఊళ్లోనే ఉంటున్న ఒక గే మనిషి దాన్ని విప్పి చెప్పాడు. నేను గేనని నేను చెప్పనంతకాలం వాళ్లు నన్ను కొట్టరు, ఆ సామెతకు అసలు అర్థం ఇదేనన్నాడు. ఒక బాప్టిస్టు పాస్టరైతే, కంచెకు వేలాడుతున్న ఆ గంటల్లో తన జీవితం గురించి ఆలోచించుకునే సమయం మాథ్యూకు దొరికి ఉంటుందని ఆశిస్తున్నానన్నాడు. ఇలాంటి మాటలు నాటకకర్త కల్పిస్తే జనం నమ్మరు. అతి చేశాడంటారు. ఎవరో నిజంగా అన్న మాటలు కాబట్టే నిలబడ్డాయి.

ఇద్దరి సంగతి కొంచెం ఆగి చెప్పాలి.

ఒకరు కంచె దగ్గరికి మొదట చేరిన పోలీసు ఉద్యోగిని. మాథ్యూ ముఖమంతా రక్తం, కన్నీళ్లు జారిన చోట మాత్రమే చర్మం కనిపిస్తోంది. ఊపిరి ఆడటం లేదనిపించి నోరు తెరిచే ప్రయత్నం చేసింది, కట్లు కోసింది. డిపార్ట్‌మెంటు ఇచ్చిన చౌక గ్లవుజులు పనికిరాకపోయాయి. కొట్టంలో పనిచేసి ఆమె చేతులకు అప్పటికే చిన్న చిన్న గాట్లున్నాయి. ఆ చేతులకు అతని రక్తం అంటుకుంది. తర్వాత ఆసుపత్రి వాళ్లు మాథ్యూకు హెచ్ఐవీ ఉందని చెప్పారు. పిల్లలున్న తల్లి. వారాల తరబడి మందులు మింగుతూ, వాంతులవుతూ, జుట్టు రాలుతూ, ఫలితం కోసం ఎదురుచూసింది. చివరికి ఏమీ సోకలేదని తేలింది. ద్వేష నేరం గురించి ఎంత చర్చ విన్నా తెలియనిది ఈ ఒక్క మనిషి చెప్తే తెలుస్తుంది. చంపిన చేతులు రెండు జతలే, ఆ రక్తం అంటిన చేతులు మాత్రం ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి.

రెండోవారు లారమీ ఆసుపత్రి ఎమర్జెన్సీ డాక్టరు. ఆ రోజు తలకు దెబ్బ తగిలిన ఒక కుర్రాణ్ని చూస్తున్నాడు. వాడు ఎవరితోనో వీధిలో గొడవపడి దెబ్బ తిన్నాడు. అంతలో అంబులెన్సులో ఇంకొకణ్ని తెచ్చారు. ఆ స్థాయి గాయాలు కారు ప్రమాదాల్లో తప్ప చూడలేదంటాడు డాక్టరు. రెండు గదుల అవతల తాను చూస్తున్న కుర్రాడే ఇతన్ని ఈ గతి పట్టించాడని ఆయనకు అప్పుడు తెలీదు. ఇద్దరూ కుర్రాళ్లే, ఇద్దరూ తన పేషెంట్లే. తర్వాత తెలిసినప్పుడు ఇద్దరి మీదా జాలి పడ్డానని ఆయన దాచకుండా చెప్పాడు.

*

ఇన్ని వందల గంటల టేపులు కాగితం మీదికి ఎక్కించాక అసలు చిక్కు మొదలైంది. దీన్ని రంగస్థలం మీదికి ఎలా తేవాలి? కాఫ్‌మన్ బృందానికి ఒక పద్ధతుంది. ముందు రచయిత రాసి, తర్వాత నటుడు చెప్పడం కాకుండా, అందరూ చిన్న చిన్న ముక్కలు చేసుకొస్తారు. ఒక కుర్చీ, ఒక వెలుగు, ఒక వాక్యం, ఒక శబ్దం, ఏదైనా సరే. ఒక్కో ముక్కను మూమెంట్ అంటారు. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తారు, నచ్చకపోతే పడేస్తారు. 1999 వేసవిలో సన్‌డాన్స్ వర్క్‌షాపులో ఈ కూర్పు సాగింది. లీ ఫోండకౌస్కీ ప్రధాన రచయిత్రిగా, స్టీఫెన్ వాంగ్ సహ రచయితగా ఉన్నారు. ఇంటర్వ్యూ చేసిన నటులే రచయితలు, వాళ్లే మళ్లీ పాత్రధారులు. చివరికి వాళ్లు కూడా నాటకంలో పాత్రలయ్యారు. ఫలానావాళ్లు ఫలానా రోజు మమ్మల్ని తిట్టి పంపేశారు అన్నదీ నాటకంలో ఉంటుంది.

మొత్తం 8 మంది నటులు 60కి పైగా పాత్రలు వేస్తారు. మూడు అంకాలు, కొన్ని బల్లలు, కుర్చీలు. చొక్కా మార్చి, కళ్లజోడు పెట్టి, గొంతు మార్చితే ఇంకో మనిషి. అమెరికా విమర్శకులు దీన్ని కొత్త ప్రయోగమని రాస్తే నాకు నవ్వొచ్చింది. మాణిక్యపురం చుక్క సత్తయ్య ఒగ్గుకథ చూసినవాళ్లకు ఇందులో కొత్తేముంది? బీరప్ప కథలో ఆయనే రాజు, ఆయనే తల్లి, ఆయనే కథ చెప్పే ఒగ్గు. భుజం మీది కండువా నెత్తికెక్కితే ఒకరు, నడుముకు దిగితే ఇంకొకరు. కథ మధ్యలో ఆపి ఊళ్లో సంగతులు మాట్లాడి మళ్లీ అందుకునేవాడు. బ్రెహ్ట్ కోరుకున్నది ఓరుగల్లు పల్లెల్లో ఎప్పట్నుంచో ఉంది. మన దగ్గర కొత్త అనిపించాల్సింది వేషం మార్చడం కాదు, మాట మార్చకపోవడం. జనం అన్న మాట అన్నట్టే, తడబాటుతో సహా వాళ్లు ఉంచారు.

ఇంకా రెండు నిర్ణయాలు ఈ నాటకాన్ని నిలబెట్టాయని నా అభిప్రాయం. మాథ్యూ ఇందులో ఎక్కడా కనిపించడు. అతని వేషం ఎవరూ వేయరు. కొట్టడం కూడా రంగం మీద చూపించరు. మన సినిమావాళ్ల చేతిలో పడితే మొదటి పది నిమిషాలూ కంచె దగ్గరే, స్లో మోషన్లో గడిచేది. ఇక్కడ చచ్చిపోయినవాడు బొమ్మ కాలేదు. బతికున్నవాళ్లు మాత్రం తప్పించుకోలేకపోయారు. కుర్చీలో కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది.

నాటకం తయారవుతుండగానే ఊళ్లో కథ నడుస్తోంది. నిందితుల్లో ఒకడు 1999 ఏప్రిల్లో నేరం ఒప్పుకున్నాడు. రెండు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. కోర్టు ముందు కాన్సస్ నుంచి వచ్చిన ఒక పాస్టరు మనుషులు గేలు నరకానికి పోతారన్న బోర్డులు పట్టుకుని నిలబడితే, మాథ్యూ స్నేహితురాలు, ఆమె తోటివాళ్లు పెద్ద పెద్ద తెల్ల రెక్కలు కుట్టుకుని దేవదూతల వేషంలో వచ్చి, ఒక్క మాట అనకుండా ఆ బోర్డులకు అడ్డంగా నిలబడ్డారు. రెండోవాడి విచారణ ఆ శరదృతువులో జరిగింది. అతను నా మీద మోజుపడ్డాడు, అందుకే ఒళ్లు తెలీకుండా కొట్టానన్న వాదన పెట్టబోతే జడ్జి ఒప్పుకోలేదు. మరణశిక్ష పడే కేసే. మాథ్యూ తల్లిదండ్రులు వద్దన్నారు. తండ్రి డెన్నిస్ షెపర్డ్ కోర్టులో నిలబడి, కొడుకు బతికి ఉంటే చూడాల్సిన పండగలన్నీ ఏకరువు పెట్టి, నువ్వు బతికి ప్రతి పండక్కీ వాణ్ని తలుచుకో అన్నట్టుగా మాట్లాడాడు. ఆ ప్రకటన నాటకం చివర్లో వస్తుంది.

యూనివర్సిటీలో నాటకం చదివే ఒక కుర్రాడి కథ కూడా ఈలోపే మారింది. స్కాలర్‌షిప్ పోటీ కోసం అతను ఒక గే పాత్ర ఉన్న ఘట్టం ఎంచుకుంటే అమ్మానాన్నలు చూడ్డానికి రామన్నారు. అతను గే కాదు, వాళ్లు చెడ్డవాళ్లూ కాదు. మత విశ్వాసం ఒప్పుకోలేదు. అమ్మానాన్నలు లేకుండానే నటించి గెలిచాడు. హత్య జరిగిన ఏడాదికి, ఆ ఘట్టం ఉన్న నాటకంలోనే ఎయిడ్స్‌తో పోరాడే గే కథానాయకుడి వేషం వేశాడు. మొదటి ఇంటర్వ్యూలో స్వలింగ ప్రేమను ఒప్పుకోలేనన్నవాడు చివరి ఇంటర్వ్యూ నాటికి తన పాత మాటలకు సిగ్గుపడ్డాడు. ఒక్కసారి వెళ్లి వచ్చేసే విలేకరికి ఈ మార్పు దొరకదు, ఆరుసార్లు వెళ్తేనే దొరుకుతుంది.

2000 ఫిబ్రవరిలో డెన్వర్‌లో ‘ది లారమీ ప్రాజెక్ట్’ మొదటి ప్రదర్శన జరిగింది. లారమీ నుంచి అక్కడికి రెండు, మూడు గంటల ప్రయాణం. నాటకంలో మాట్లాడినవాళ్లు కొందరు వచ్చి, తమ మాటలు ఇంకొకరి నోట విన్నారు. మే నెలలో న్యూయార్క్‌లో ఆడింది. ఆ ఏడాదే లారమీలోనూ ఆడింది. 2002లో హెచ్‌బీవో సినిమాగా వచ్చింది. ఆ తర్వాత అమెరికాలో హైస్కూళ్లు, కాలేజీలు వేసినన్నిసార్లు ఇలాంటి నాటకం మరొకటి వేసి ఉండవు. కొన్ని చోట్ల తల్లిదండ్రులు ఆపించారు కూడా. సెట్ లేదు, స్టార్లు లేరు, ఎనిమిది మంది దొరికితే చాలు. ఏ ఊళ్లో వేసినా ఆ ఊరి మీదే రాసినట్టుంటుంది.

2008లో, అంటే పదేళ్లకు, బృందం మళ్లీ లారమీ వెళ్లింది. ఈసారి వాళ్లకు ఎదురైంది ద్వేషం కాదు, మతిమరుపు. అదంతా గే అయినందుకు కాదు, డబ్బు కోసమో మత్తుమందు కోసమో జరిగిన దోపిడీ అన్న కథ ఊళ్లో వేళ్లూనుకుంది. 2004లో ఒక జాతీయ టీవీ కార్యక్రమం ఆ కథకు బలమిచ్చింది. పదేళ్ల కిందట హైస్కూల్లో కూడా లేని విద్యార్థులు దాన్నే నిజమని చెప్తున్నారు. కంచె ఎప్పుడో తీసేశారు. కేసు దర్యాప్తు చేసిన పోలీసు అధికారి డేవ్ ఓమాలీ సాక్ష్యాలు ఒక్కొక్కటీ చెప్పి ఆ పుకారును ఖండించాల్సి వచ్చింది. ఈ ఓమాలీ ఒకప్పుడు గేల మీద జోకులు వేసిన మనిషే. కేసు ఆయన్ను మార్చింది. ద్వేష నేరాల చట్టం కోసం వాషింగ్టన్ దాకా వెళ్లి అడిగాడు. ఒక ఊరు తనకు నచ్చని గతాన్ని పుకారుతో ఎలా కప్పుకుంటుందో అర్థం చేసుకోడానికి నాటకంవాళ్లు యూనివర్సిటీలోని జానపద అధ్యాపకుణ్ని కూడా కలిశారు. 2009 అక్టోబరు 12న ఆ రెండో నాటకాన్ని సుమారు 150 థియేటర్లలో ఒకేసారి చదివారు. అదే నెల 28న అధ్యక్షుడు ఒబామా మాథ్యూ షెపర్డ్ పేరు, టెక్సస్‌లో 1998లోనే జాతి ద్వేషంతో ట్రక్కుకు కట్టి ఈడ్చి చంపిన నల్లజాతి మనిషి జేమ్స్ బైర్డ్ పేరు కలిపి పెట్టిన ద్వేష నేరాల ఫెడరల్ చట్టం మీద సంతకం చేశాడు.

*

మన దగ్గర ఇలాంటి నాటకం ఇంకా పుట్టలేదు. దానికి కావలసిన సరుకు మాత్రం నిండుగా ఉంది.

మొదటి కాగితం 1329 ఫస్లీ నాటిది, అంటే 1919. నిజాం రాజ్యంలో హిజ్రాల మీద చేసిన చట్టమది. 1871లో ఇంగ్లీషువాళ్లు చేసిన నేరస్థ తెగల చట్టానికి పిల్ల. స్టువర్టుపురం పేరు విన్న తెలుగువాళ్లకు ఆ తల్లి చట్టం సంగతి వేరే చెప్పనక్కర్లేదు. హైదరాబాదులోని హిజ్రాల పేర్లు పోలీసులు రిజిస్టర్లో రాసుకోవాలి. రిజిస్టర్లో ఉన్న మనిషి ఆడబట్టలు కట్టి, నగలు పెట్టి వీధిలో కనిపించినా, పదిమందిలో పాడినా, ఆడినా వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. రెండేళ్ల దాకా జైలు. తమాషా ఏంటంటే దాదాపు ఆ కాలంలోనే, కృష్ణకు అవతల, స్థానం నరసింహారావు చీర కట్టి రంగమెక్కారు. ఆయన సత్యభామను చూసి నడక నేర్చుకున్న ఇల్లాళ్లున్నారని పెద్దలు చెప్పుకునేవాళ్లు. తర్వాత ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. దీపాల కింద చీర కళ, వీధి దీపం కింద చీర నేరం.

నిజాం పోయాడు, హైదరాబాద్ స్టేట్ పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి విడిపోయింది. చట్టం మాత్రం అలాగే ఉంది. 2015 ప్రాంతంలో హైదరాబాదులో ట్రాన్స్ మహిళల మీద వరుస దాడులు జరిగాయి, ఒక హత్య జరిగింది. ఆ దుఃఖంలోంచి, కోపంలోంచి తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి నిలబడింది. గేల బతుకూ ట్రాన్స్ మనుషుల బతుకూ ఒకటి కాదు, కలిపేస్తే ఇద్దరికీ అన్యాయమే. కానీ కొట్టేవాడు ఆ తేడా చూడడు, కాబట్టి వాళ్ల కథలు ఒకే వీధిలో కలుస్తాయి. 2018లో వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు ఆ పాత చట్టాన్ని సవాలు చేస్తూ హైకోర్టుకు వెళ్లారు. 2023 జూలైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్ రెడ్డి దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఒక సమూహాన్ని పుట్టుకతోనే నేరస్థులుగా చూడటం సమానత్వానికీ గౌరవంగా బతికే హక్కుకూ విరుద్ధమన్నారు. ఆసరా పింఛను వాళ్లకూ ఇవ్వమన్నారు. వైల్డ్ కేసు కాగితాలతో కాఫ్‌మన్ నాటకం కట్టినట్టు, ఈ తీర్పు ముందు పెట్టుకుని తెలుగు నాటకకర్త ఒకరు కూర్చోవచ్చు.

టేప్ రికార్డరు పట్టుకుని ఎక్కడికి పోవాలంటే నేను మేడారమే అంటాను. జాతరలో శివసత్తుల పక్కన హిజ్రాలూ పూనకంతో ఊగుతారు, జనం వాళ్ల కాళ్లకు మొక్కుతారు, పిల్లల్ని దీవించమని చేతికిస్తారు. గద్దె ముందు నువ్వెవరని ఎవరూ అడగరు. నిలువెత్తు బంగారమంటే అక్కడ బెల్లమే, అది ఎవరు తూగినా ఒకే రేటు. అదే మనిషి తిరుగు ప్రయాణంలో ములుగు బస్సెక్కితే పక్క సీటు ఖాళీగా ఉండిపోతుంది. హన్మకొండలో గది అద్దెకు అడిగితే దొరకదు. మొక్కిన చేతులూ తలుపేసే చేతులూ ఒక్కరివే కావచ్చు. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతుందో ఆ చేతులవాళ్లనే అడగాలి. ఆర్టీసీ కండక్టర్ని, కొబ్బరికాయల దుకాణం ఆమెను, గద్దెల దగ్గర డ్యూటీ చేసిన కానిస్టేబుల్ని, కోయ పూజారి వడ్డెని, కొడుకు ఇల్లు వదిలి పోయిన నర్సంపేట తండ్రిని. ఒక్కసారి కాదు, ఆరుసార్లు. జాతర లేని ఏడాదిలో కూడా.

అప్పుడు ఎవరో ఒకరు చట్టం ఉందిగా అంటారు. ఉంది. 2018లో సుప్రీంకోర్టు 377 సెక్షన్ కింద స్వలింగ ప్రేమ నేరం కాదంది. 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం చేసింది. ఆ చట్టంలో ట్రాన్స్ మనిషిని కొట్టినా, ఒంటి మీద చెయ్యేసినా, ఊళ్లోంచి వెళ్లగొట్టినా పడే శిక్ష ఆర్నెల్ల నుంచి రెండేళ్లు. 1919లో ఆ మనిషి చీర కట్టినందుకు రాసిన గరిష్ఠ శిక్ష కూడా రెండేళ్లే. తెలుగు లారమీ ఎవరైనా రాస్తే, రెండో అంకం ఈ లెక్క దగ్గర మొదలుపెట్టొచ్చు.